గుడ్లకూ మాంసానికీ కలిపి ఏ జాతి కోడిని పెంచుకోవాలి?

పెరట్లో గుడ్లకూ మాంసానికీ కలిపి కొద్దిపాటి కోళ్లను పెంచుకునేవారికి రోడ్ ఐలాండ్ రెడ్, ప్లిమత్ రాక్, ససెక్స్ వంటి ఉభయోపయోగ జాతులు అనువైనవి. తిన్న మేత గుడ్డుకైనా పోవాలి, కండకైనా పోవాలి కాబట్టి, గుడ్ల కోసమే అభివృద్ధి చేసిన లెగ్‌హార్న్ బక్కపలచగా ఉంటుంది, బ్రాయిలర్ జాతి తక్కువ గుడ్లు పెడుతుంది. ఉభయోపయోగ జాతులు ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటాయి. ఉదాహరణకు, రోడ్ ఐలాండ్ రెడ్ పెట్ట మంచి పోషణలో ఏడాదికి 200కు పైగా గోధుమరంగు గుడ్లు పెడుతూనే సుమారు 3 కిలోలు తూగుతుంది. అయితే ఈ పెట్టలు పొదగడానికి అరుదుగా కూర్చుంటాయి కనుక, గుడ్లను ఇంట్లోనే పొదిగించదలచినవారికి ఆర్పింగ్టన్ నయం. ఉభయోపయోగ జాతి అనగానే లేయర్ పెట్టినన్ని గుడ్లూ బ్రాయిలర్ ఇచ్చినంత మాంసమూ వస్తాయనుకోవడం పొరపాటు: బ్రాయిలర్ సుమారు 6 వారాల్లో కోతకు వస్తే, వీటి పుంజులకు 4, 5 నెలలు పడుతుంది.