మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ ప్రింట్ తీయించుకోవడం దండగేమీ కాదు

మీరు రీపర్ అనే పాటల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నారు, పీడీఎఫ్ మాన్యువల్ ల్యాప్‌టాప్‌లోనే ఉంది, కానీ స్క్రీన్ మీద పది పేజీలు దాటడం లేదు. ప్రింట్ తీయిస్తానంటే స్నేహితులు "యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయిగా, నాలుగు వందల పైచిలుకు పేజీలకి డబ్బు తగలేయడం ఎందుకు" అంటున్నారు. తీయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

తీయించండి. మొత్తం కాకపోయినా పనికొచ్చే అధ్యాయాలు తీయించండి. నేను విజయవాడలో ఇంట్లోనే ఒక చిన్న గదిలో 2020 నుంచి భక్తి పాటలు, భజన బృందాల పాటలు రికార్డు చేస్తున్నాను. అంతకుముందు పెళ్లిళ్లలో కీబోర్డ్ వాయించేవాణ్ని. ఈ సలహా ఎందుకు ఇస్తున్నానో చెప్పాలంటే ఒక పాట సంగతి చెప్పాలి.

మొదట్లో నేనూ కాగితం జోలికి పోలేదు. పీడీఎఫ్ ఉంది, ఏ మాట కావాలంటే ఆ మాట వెతుక్కోవచ్చు, ఇంకేం కావాలి అనుకున్నాను. మా కాలనీలో ఒక అక్కయ్య చాలా బాగా పాడుతుంది. ఆవిడ పాట ఒకటి రికార్డు చేశాం: వోకల్, తబలా, ఫ్లూట్, కింద తంబూరా శ్రుతి. రెండో చరణం ఎత్తుకునే ముందు తబలా వాయించినాయన దగ్గు తబలా ట్రాక్‌లో, అంటే తబలా ఒక్కదాన్నే రికార్డు చేసిన వరసలో, పడింది. చిన్న దగ్గు, అర సెకను కూడా ఉండదు. దానికి అటూ ఇటూ ఎస్ కీ కొట్టి ముక్క చేసి, ఆ ముక్క తీసేశాను. ఆ చోటొక్కటే సోలోలో, అంటే మిగతా ట్రాకులు ఆపి తబలా ఒక్కటే విని, దగ్గు పోయింది కదా అని రాత్రికి రాత్రే ఆవిడకి మిక్స్ (అన్నీ కలిపిన పాట) పంపించేశాను. పొద్దున్నే ఫోన్ వచ్చింది. "తమ్ముడూ, రెండో చరణం నుంచి తబలా నాకంటే ముందు పరిగెడుతోందేంటి? నేనేమన్నా తాళం తప్పానా?" అని అడిగింది. ఆవిడ తాళం తప్పే మనిషి కాదు. నా పొరపాటుకి ఆవిడ తనని తాను అనుమానించుకోవాల్సి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

జరిగిందేమిటంటే, రిపుల్ ఎడిటింగ్ ఆన్ అయి ఉంది. టూల్‌బార్‌లో ఇంకేదో నొక్కబోయి ఎప్పుడో దాన్ని నొక్కి ఉంటాను. అందులో మూడు స్థితులున్నాయి: పూర్తిగా ఆఫ్, ఎడిట్ చేసిన ట్రాక్ వరకే, అన్ని ట్రాకులకీ. ట్రాక్ వరకే అని ఉన్నప్పుడు మధ్యలో ఒక ముక్క తీసేస్తే, ఆ ట్రాక్‌లో దాని తర్వాత ఉన్నదంతా ఖాళీని పూడుస్తూ ఎడమకి జరిగిపోతుంది, మిగతా ట్రాకులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక్క గొంతుతో మాట్లాడిన రికార్డింగ్ ఎడిట్ చేసేవాళ్లకి అది ఎంతో పనికొస్తుంది. నాలుగు వాయిద్యాలు కలిసి నడిచే పాటలో మాత్రం తాళం విడిపోతుంది.

ఇదంతా ఇప్పుడు చెప్తున్నాను గానీ ఆ రోజు నాకు రిపుల్ అనే మాటే తెలియదు. పీడీఎఫ్‌లో మూవ్ అని వెతికాను, సింక్ అని వెతికాను, షిఫ్ట్ అని వెతికాను. షిఫ్ట్ అని కొడితే ఏమొస్తుంది, కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కమని చెప్పిన ప్రతి వాక్యమూ వస్తుంది. రెండు సాయంత్రాలు అలాగే పోయాయి. చివరికి తబలాని చెవితో వింటూ కొంచెం కొంచెంగా కుడికి జరిపి, సరిచేసి పంపాను. పాట బాగయింది కానీ అసలు కారణం తెలియలేదు, అంటే రేపు ఇంకొకరి పాటలో మళ్లీ జరగదని నమ్మకం లేదు. ఆ టెన్షన్‌తోనే తర్వాతి రెండు రికార్డింగులూ చేశాను.

మూడు వారాల తర్వాత జిరాక్స్ షాపులో మాన్యువల్ ప్రింట్ తీయించాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫేడ్‌ల గురించి (శబ్దం మెల్లగా పెంచడం, తగ్గించడం) చూద్దామని ఎడిటింగ్ అధ్యాయం తిరగేస్తుంటే రిపుల్ అన్న శీర్షిక కంటపడింది. చదివితే నాకు జరిగింది జరిగినట్టే ఉంది అక్కడ. నేను దాని కోసం వెతకలేదు, వేరే దాని కోసం పోతుంటే దారిలో కనిపించింది.

నేను కాగితం వైపు తిరగడానికి అసలు కారణం ఇదే. వెతకాలంటే పేరు తెలియాలి. పదేళ్లుగా ఈ పనిలో ఉన్నవాళ్లకి పేర్లన్నీ తెలుసు కాబట్టి పీడీఎఫ్‌లో కొట్టగానే దొరుకుతుంది, వాళ్లు మనకి అదే సలహా ఇస్తారు. కొత్తగా నేర్చుకునేవాడికి తన సమస్య పేరే తెలియదు. పుస్తకం తిరగేస్తుంటే బొమ్మలు, శీర్షికలు, పట్టికలు వద్దన్నా కళ్లలో పడతాయి. అప్పటికి అవసరం లేకపోయినా "ఇలాంటిదొకటి ఉంది, కుడివైపు పేజీలో కింద చూశాను" అని గుర్తుండిపోతుంది. స్క్రీన్ మీద జరుపుకుంటూ పోతే నాకు ఆ చోటు గుర్తుండదు, ప్రతి పేజీ ఒకేలా కిందికి జారిపోతుంది.

వాయించే కీబోర్డుతో జరిగింది కూడా చెప్తాను, మీరు మిడి వాడుతుంటే ఉపయోగపడుతుంది. మిడి అంటే కీబోర్డు, కంప్యూటర్ ఒకదానికొకటి ఏ మెట్టు నొక్కామో, ఏది ఎంత తిప్పామో చెప్పుకునే పద్ధతి, 1983లో వచ్చింది. కీబోర్డుల మాన్యువల్ చివర్లో మిడి ఇంప్లిమెంటేషన్ చార్ట్ అని ఒక పేజీ వేయడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. ఎడమవైపు విషయం పేరు, పక్కన రెండు నిలువు వరసలు. ఒకటి ఈ కీబోర్డు ఏమేం పంపుతుందో, రెండోది ఏమేం అందుకుంటుందో. సున్నా ఉంటే ఆ సౌకర్యం ఉన్నట్టు, ఇంటూ గుర్తు ఉంటే లేనట్టు. ఒక పాత కీబోర్డులోని ఫ్లూట్ సౌండ్‌ని కంప్యూటర్ నుంచి వాయిస్తూ, ఊపిరి పెరిగి తగ్గినట్టు రావాలని ఎక్స్‌ప్రెషన్ గీత గీశాను, అంటే శబ్దం హెచ్చుతగ్గులు చెప్పే మిడి కంట్రోలర్ నంబర్ 11. సౌండ్ ఉన్నది ఉన్నట్టే ఉంది, పెరగదు తగ్గదు. కేబుల్ మార్చాను, డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, ఒక పూటంతా పోయింది. కీబోర్డు డబ్బాలో వచ్చిన పుస్తకం ఆఖరి పేజీ తీసి చూస్తే వాల్యూమ్‌కి, అంటే 7కి, రెండు వరసల్లోనూ సున్నాలే ఉన్నాయి. 11కి వచ్చేసరికి అందుకునే వరసలో ఇంటూ ఉంది. అదే గీతని 7 మీద గీస్తే ఫ్లూట్ ఊపిరి పీల్చుకున్నట్టు పలికింది.

ఆ పేజీ అంచున నేను పెన్సిల్‌తో రాసుకున్న మాట ఇంకోటుంది: "బెండ్ 0–16383, మధ్య 8192, రేంజ్ సౌండ్‌లో చూడు." బెండ్ అంటే స్వరాన్ని పైకీ కిందికీ జార్చే వీల్. అది ఎంత తిప్పామన్నదే మిడిలో 0 నుంచి 16383 వరకు అంకెగా వెళ్తుంది, దానికి స్వరం ఎంత దూరం జరగాలన్నది అవతలి సౌండ్ సెట్టింగ్‌ని బట్టి ఉంటుంది. మామూలుగా పైకి రెండు, కిందికి రెండు సెమీటోన్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరం) ఉంటుంది. పొడుగు జారు వేయాలంటే అది చాలదని 12కి పెట్టుకునేవాళ్లున్నారు. రెండు మీద వాయించిన గమకాన్ని 12 పెట్టిన ప్లగిన్‌లో (కంప్యూటర్‌లోని వాయిద్యం) వినిపిస్తే ప్రతి ఊపూ ఆరింతలవుతుంది. మనం వాయించింది తోడి రాగమని మనకే నమ్మకం కుదరదు. నాకు ఒకసారి అలా అయ్యాకే అంచున రాసుకున్నాను, అప్పటినుంచి ఇంకో ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ తెరిస్తే ముందు అదే చూస్తాను. పీడీఎఫ్‌లో కూడా నోట్స్ పెట్టుకోవచ్చు, కాదనను. కానీ నేను అలా పెట్టిన నోట్స్ ఒక్కటి కూడా మళ్లీ తెరిచి చూడలేదు.

సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది తెలిసిన అలవాటే కదా. నేను చిన్నప్పుడు వర్ణాలు రాసుకున్న నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది. తారస్థాయి స్వరం మీద చుక్క, గమకం వచ్చే చోట చిన్న అల, వాటి మధ్య మా గురువుగారు ఎర్ర పెన్నుతో పెట్టిన గీత. "ఇక్కడ తొందరపడుతున్నావురా" అని ఆయన గీసిన గీత చూస్తే ఈ రోజుకీ అక్కడ నా చెయ్యి నెమ్మదిస్తుంది. సాఫ్ట్‌వేర్ మాన్యువల్ కూడా నాకు అలాంటి నోట్‌బుక్ అయింది.

ఇక స్క్రీన్ సంగతి. మీకు రెండో మానిటర్ ఉంటే కొంత నయం, నాకున్నది 14 అంగుళాల ల్యాప్‌టాప్ ఒక్కటే. రీపర్‌లో ఇరవై ట్రాకులు, కింద మిక్సర్ తెరిచాక ఇంక చోటుండదు. మాన్యువల్ విండోకి వెళ్లి ఒక వాక్యం చదివి, వెనక్కి వచ్చి బటన్ వెతికి, రెండో వాక్యం మర్చిపోయి మళ్లీ వెళ్లడం, ఇలా కంప్రెసర్ (పెద్ద శబ్దాలని అణిచే సాధనం) అధ్యాయం ఒక్కటీ నాకు నాలుగు రోజులు పట్టింది. కాగితం నోట్స్ స్టాండ్ మీద పెట్టుకుంటే ఒక చెయ్యి మౌస్ మీద, ఒక చెయ్యి కీబోర్డు మీద ఉంచి కళ్లు తిప్పితే చాలు. గుంటూరు వెళ్లే బస్సులో కూడా చదివాను. ఎదురుగా సాఫ్ట్‌వేర్ లేకుండా చదివితే ఇంకో లాభం ఉంది, నొక్కి చూద్దామన్న తొందర ఉండదు. కంప్రెసర్‌లో థ్రెషోల్డ్ అంటే ఏమిటి, అటాక్ (అణచడం మొదలవడానికి పట్టే సమయం) పెంచితే మృదంగం దెబ్బ మొదలు ఎందుకు వినిపిస్తుంది అని మనసులో ఊహించుకుంటాం, ఇంటికొచ్చి విని సరిచూసుకుంటాం.

ఒకప్పుడు ఈ ప్రశ్న వచ్చేదే కాదు. 2007లో యాపిల్ లాజిక్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ తెచ్చినప్పుడు పెట్టెలో డిస్కులతో పాటు లావుపాటి పుస్తకాలు వచ్చేవి. 2011 డిసెంబరులో అందులోని లాజిక్ ప్రో యాప్ స్టోర్‌కి మారింది, పెట్టెతో పాటు పుస్తకాలూ పోయాయి. క్యూబేస్ ప్రో అనే ఇంకో సాఫ్ట్‌వేర్ మాన్యువల్ వెయ్యి పేజీలు దాటింది. అంత పుస్తకం వెర్షన్ మారినప్పుడల్లా అచ్చు వేసి పంపడం ఎంత ఖర్చో అర్థం చేసుకోగలను. అయినా కనీసం మొదటి వంద పేజీలైనా అచ్చులో ఇస్తే కొత్తవాళ్లకి ఎంత మేలు అని ఇప్పటికీ అనిపిస్తుంది.

డిజిటల్ పనికిరాదని అనడం లేదు. ఎబుల్‌టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఎడమవైపు కింద ఇన్ఫో వ్యూ అని చిన్న పెట్టె ఉంటుంది, మౌస్ దేని మీద పెడితే దాని గురించి చెప్తుంది. అలాంటిదే ఇంకోటైన ఎఫ్ఎల్ స్టూడియోలో ఎఫ్1 నొక్కితే మీరు పనిచేస్తున్న విండో సహాయం పేజీ వస్తుంది. పేరు తెలిసిన విషయానికి నేనూ పీడీఎఫ్‌లోనే వెతుకుతాను. యూట్యూబ్ వీడియోలు చేతి కదలిక చూడటానికి బాగుంటాయి, కానీ మనకి కావలసిన ముక్క పద్నాలుగో నిమిషంలో ఎక్కడో ఉంటుంది.

ప్రింట్‌తో నిజమైన ఇబ్బంది వెర్షన్లు. నేను తీయించింది రీపర్ 6ది, 2019 డిసెంబరులో వచ్చిన వెర్షన్. 2023 అక్టోబరులో 7 వచ్చాక ట్రాక్ లేన్లు (ఒకే ట్రాక్‌లో వేర్వేరు వరసలు) కొత్తగా వచ్చాయి, నాలుగైదు సార్లు పాడిన టేకుల్లో మంచి ముక్కలు ఏరి ఒక వోకల్ చేసే పద్ధతే మారింది. ఆ అధ్యాయం ఒక్కటీ కొత్తగా తీయించి, పాత పేజీల మీద అడ్డంగా గీత కొట్టి, లోపల పెట్టుకున్నాను. మిగతా పుస్తకంలో చాలా భాగం అలాగే పనికొస్తోంది. రికార్డ్ చేయడం, ముక్కలు చేయడం, రూటింగ్ (శబ్దం ఏ దారిలో వెళ్లాలో చూపడం), ఫేడ్‌లు అంత తొందరగా మారవు.

తీయించేటప్పుడు కొన్ని చూసుకోండి. రెండు వైపులా, బ్లాక్ అండ్ వైట్ చాలు. నాకు రెండు భాగాలకి బైండింగ్‌తో కలిపి అప్పట్లో ఆరు వందల లోపే అయింది. ముందు బొమ్మలున్న ఒక పేజీ తీయించి చూడండి, ముదురు రంగు థీమ్ బొమ్మలుంటే నల్ల మచ్చలా వచ్చి అక్షరాలు కనపడవు, అప్పుడు షాపు అబ్బాయికి చెప్పి కొంచెం లేతగా కొట్టించాలి. బైండింగ్ స్పైరలే వేయించండి. గమ్ము బైండింగ్ అయితే స్టాండ్ మీద తెరిచి పెట్టగానే మూసుకుపోతుంది, రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు అది పెద్ద చికాకు. మొత్తం ఒకే స్పైరల్‌లో పెట్టమంటే పెడతారు గానీ నెలకే చివరి కాగితాలు చిరుగుతాయి, అందుకే రెండు చేయించండి. వెనక ఉండే పదసూచిక ఇంకో కాపీ తీయించి మొదటి భాగంలో కూడా పెట్టించుకోండి. షార్ట్‌కట్ల కోసం మాన్యువల్ మీద ఆధారపడొద్దు, రీపర్ హెల్ప్ మెనూ నుంచి మీ కీల జాబితా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, మీరు మార్చుకున్నవి కూడా అందులో ఉంటాయి. దాన్ని ప్రింట్ తీసి గోడకి అంటించండి.

ఇంట్లో వాళ్లకి ఖర్చు ఎక్కువ అనిపిస్తే ఈ వారానికి రికార్డింగ్, ఎడిటింగ్ అధ్యాయాలు మాత్రం తీయించండి, నూట యాభై రూపాయల్లో తేలిపోతుంది. రిపుల్ ఉన్న పేజీకి ఒక రంగు కాగితం అంటించి పెట్టుకోండి. తర్వాత ఏ అధ్యాయం తీయాలో తేల్చుకోలేకపోతే, మీరు ఎలాంటి పాటలు చేస్తున్నారో, ఏ కీబోర్డు వాడుతున్నారో ఇక్కడే కింద రాయండి, చూసి చెప్తాను.