రెస్టారెంట్ కర్రీ రుచి రావట్లేదా, ముందు గరం మసాలా తగ్గించండి

యూకేకి కొత్తగా వచ్చిన మన పిల్లలు, అందులోనూ స్టూడెంట్స్, వంట విషయంలో ఎక్కువగా అడిగే డౌట్ ఇదే. ఇక్కడి కర్రీ హౌస్‌లో, అంటే ఇండియన్ రెస్టారెంట్‌లో తిన్న మద్రాస్, జల్‌ఫ్రేజీ కూరల రుచి ఇంట్లో ఎంత చేసినా రావట్లేదు అన్నా, ఏ బ్రాండ్ గరం మసాలా కొనాలి అని. బ్రాండ్ సంగతి తర్వాత, ఎంత వేస్తున్నారు, ఎప్పుడు వేస్తున్నారు అది చూసుకోండి ముందు. రుచి రావట్లేదని ఇంకో స్పూన్, ఇంకో స్పూన్ వేసుకుంటూ పోతే కూర నల్లబడి లవంగం ఘాటు తప్ప ఇంకేం తెలీదు. నలుగురి కూరకి అర టీస్పూన్ చాలు, అదీ స్టవ్ ఆపే రెండు నిమిషాల ముందు. యాలకులు, లవంగాలు, చెక్క, జాపత్రి వీటి వాసనంతా తొందరగా ఎగిరిపోయే నూనెల్లో ఉంటుంది, ఆ పొడిని మొదట్లోనే వేసి అరగంట ఉడికిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది గానీ కూరలో ఏం మిగలదు.

మరి ఆ రెస్టారెంట్ రుచి ఎక్కడిదంటే బేస్ గ్రేవీది, ముందే కలిపి పెట్టుకునే మసాలా పొడి, అదే మిక్స్ పౌడర్‌ది. ఇక్కడి కర్రీ హౌస్‌లు చాలావరకు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు పెట్టినవి, వాళ్ళ పద్ధతే వేరు. బోలెడన్ని ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, కాస్త క్యారెట్, క్యాప్సికం, టమాటా, నూనె, పసుపు అన్నీ కలిపి మెత్తగా ఉడకబెట్టి గ్రైండ్ చేసి పల్చటి గ్రేవీ రెడీగా పెట్టుకుంటారు, చికెన్ కూడా ముందే ఉడికించి ఉంచుతారు. ఆర్డర్ రాగానే పాన్‌లో నూనె, అల్లం వెల్లుల్లి పేస్టు, టమాటా ప్యూరీ, మిక్స్ పౌడర్ వేసి ఆ గ్రేవీని గరిటె గరిటెగా పోస్తూ పెద్ద మంట మీద మరిగిస్తారు, అంచులకి పట్టిన దాన్ని గీకి మళ్ళీ కలుపుతారు, అసలు రుచి ఆ గీకిన దాంట్లోనే ఉంటుంది.

మిక్స్ పౌడర్ ఇంట్లోనే కలుపుకోవచ్చు. ధనియాల పొడి, కర్రీ పౌడర్ మూడేసి స్పూన్లు, జీలకర్ర పొడి, పాప్రికా, పసుపు రెండేసి. ఒక మనిషికి సరిపడా కూరకి 300 మిల్లీలీటర్ల గ్రేవీ, ఒకటిన్నర టీస్పూన్ పొడి. నూనెలో అర నిమిషం వేగితే చాలు, మాడుతోందనిపిస్తే వెంటనే కొంచెం గ్రేవీ పోసేయండి, మాడిన మసాలాని తర్వాత ఏం వేసినా బాగుచేయలేం. ఇంకోటి, మన ఇళ్ళల్లో ఎలక్ట్రిక్ స్టవ్‌కి రెస్టారెంట్ మంటంత వేడి రాదు, అందుకే నలుగురికీ ఒకేసారి చేయకండి, ఒకరిద్దరికి చొప్పున చేసుకోండి.

కర్రీ పౌడర్, గరం మసాలా ఒకటి కాదు, ఒకటి అయిపోతే ఇంకోటి వేసేయొద్దు. చికెన్ మసాలా ప్యాకెట్లలో చాలావాటిలో ఉప్పు ముందే ఉంటుంది, వెనకాల లేబుల్ చదివాకే ఉప్పు వేయండి. ఆవాలు కలిసినవీ ఉంటాయి, అలర్జీ ఉన్న ఫ్రెండ్స్‌ని భోజనానికి పిలిస్తే అది కూడా చూడండి. సూపర్ మార్కెట్‌లో బే లీఫ్ అని అమ్మేది మన బిర్యానీ ఆకు కాదు, అది వేరే చెట్టు, వాసనా వేరు, మనది కావాలంటే ఏషియన్ షాపులో అడగండి. అక్కడే కేసియా బార్క్ అని రాసున్న మందపాటి చెక్క కనిపిస్తుంది, మసాలాకి భేషుగ్గా పనికొస్తుంది, ధైర్యంగా కొనండి.

చవక కదా అని కిలో ప్యాకెట్ పొడి మాత్రం కొనకండమ్మా, ఒక్కళ్ళే ఉంటూ అదెప్పటికి అవుతుంది, వాసన పోయి ఉత్త పొడి మిగులుతుంది. దినుసులు విడిగా కొని, రెండు మూడు వారాలకి సరిపడా సన్న మంట మీద వేయించి, పూర్తిగా చల్లారాక కాఫీ గ్రైండర్‌లో వేసుకుని గాజు సీసాలో మూత బిగించి స్టవ్‌కి దూరంగా పెట్టుకోండి. వేయించేటప్పుడు కిటికీ తీసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి వంటింటి తలుపు మూయండి. షేర్డ్ హౌస్‌లో పొగకి స్మోక్ అలారం మోగుతోందని దానికి కవర్ చుట్టే పని మాత్రం అస్సలు చేయొద్దు, పక్క గదిలో పడుకున్నవాళ్ళ ప్రాణాలు కూడా దాని మీదే ఉన్నాయి.