23 కేజీల్లో పుస్తకాలకి ఎంత చోటు?

జూన్ వచ్చిందంటే చాలు నా ఫోన్‌కి ఇదే ప్రశ్న. అక్కా, ఆగస్టులో అమెరికా వస్తున్నా, పుస్తకాలేమన్నా తెచ్చుకోమంటావా, తెచ్చుకుంటే ఏవి, అక్కడికొచ్చాక ఏం చదవాలి అని. ఈసారి ముగ్గురడిగారు, ఇద్దరు ఎమ్మెస్‌కి వస్తున్న పిల్లలు, ఒకమ్మాయి పెళ్ళై హెచ్4 మీద, అంటే మొగుడి ఉద్యోగం వీసా మీద ఆధారపడే వీసాతో వస్తోంది. ముగ్గురికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకే చోట రాసేస్తున్నా, కొంచెం పొడుగవుద్ది, ఫ్లైట్‌లో చదువుకోండి.

ముందు నా సంగతి చెప్తా. 2006లో నేనొచ్చేటప్పుడు రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కేజీలు. ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర తూకమేస్తే ఒకదాంట్లో మూడు కేజీలు ఎక్కువొచ్చింది. అక్కడే నేల మీద పెట్టె తెరిచి పంచాయితీ, అమ్మేమో కందిపొడి తియ్యనంటది, నాన్నేమో క్యూలో వెనకాల జనం చూస్తున్నారని కంగారు, చివరికి తెలుగు పుస్తకాలు నాలుగు బయటికొచ్చి నాన్న చంకలోకెళ్ళి నెల్లూరు తిరిగెళ్ళిపోయినాయి. పెట్టెలో మిగిలిందేందంటే కోఠీలో బేరమాడి కొన్న లావుపాటి సీ ప్లస్ ప్లస్ పుస్తకం. ఇక్కడికొచ్చాక చూస్తే అదే పుస్తకం యూనివర్సిటీ లైబ్రరీలో ఐదు కాపీలుంది, ఊరికే. ఆ తెలుగు పుస్తకాలు మళ్ళీ కళ్ళతో చూడ్డానికి మాత్రం నేను ఇండియా వెళ్ళేదాకా, అంటే రెండేళ్ళు ఆగాల్సొచ్చింది.

అందుకని నా లెక్క ఇది. ఇంగ్లీషు పుస్తకం ఒక్కటి కూడా మొయ్యొద్దు, టెక్నికల్‌వి అసలొద్దు. ఇక్కడ దొరకనివి తెచ్చుకోండి, అంటే తెలుగువి, అందులోనూ మీ ఊరి యాసలో ఉన్నవి. మూడు కేజీల చోటు చాలు.

ఇంగ్లీషువి ఎక్కడ దొరుకుతాయంటే, అపార్ట్‌మెంట్ లీజు మీద సంతకం పెట్టిన వారంలోనే ఆ లీజు కాగితం, పాస్‌పోర్టు పట్టుకుని దగ్గర్లో పబ్లిక్ లైబ్రరీకి పోండి. కార్డు ఊరికే ఇస్తారు. మేముండే మేరీల్యాండ్‌లో అయితే ఒక కౌంటీ కార్డుతో రాష్ట్రంలో ఏ కౌంటీ లైబ్రరీలోనైనా తెచ్చుకోవచ్చు. ఆ కార్డు నంబర్ లిబ్బీ అనే యాప్‌లో కొడితే ఈబుక్స్, ఆడియోబుక్స్ ఫోన్‌లోకే వస్తాయి. పుస్తకం వాళ్ళ దగ్గర లేకపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్ అని అడగండి, వేరే ఊరి లైబ్రరీ నించి తెప్పిస్తారు. లేట్ ఫీజులు కూడా చాలా చోట్ల తీసేశారు. హెచ్4 మీద వచ్చే అమ్మాయికి ఇది మరీ మరీ చెప్తున్నా, ఆయన కారేసుకుని ఆఫీసుకి పోతాడు, నువ్వు సాయంత్రం దాకా గోడలు చూస్తుంటావు, వచ్చీరాగానే పనిచేసే పర్మిట్ ఉండదు, అప్పుడు నడిచిపోగలిగే దూరంలో లైబ్రరీ ఉందా లేదా అన్నది చూసుకుని అపార్ట్‌మెంట్ తీసుకోమని ఆయనకి ఇప్పుడే చెప్పు. ఇండియన్ స్టోర్ కొంచెం దూరమైనా పర్లేదు.

ఇంగ్లీషు నవల ఎప్పుడూ పూర్తిగా చదవలేదు అని సిగ్గుపడేవాళ్ళు మనలో బోలెడుమంది, ఎంసెట్లు, గేట్‌లు రాసినోళ్ళమే కానీ నవల చదివినోళ్ళం కాదు. వాళ్ళు అగాథా క్రిస్టీతో మొదలుపెట్టండి. 1939లో వచ్చిన 'అండ్ దెన్ దేర్ వర్ నన్', పదిమంది ఒక దీవి మీద ఇరుక్కుంటారు, ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు, చంపేదెవరో తెలీదు. భాష తేలిక, మాటలెక్కువ, డిక్షనరీ తియ్యకుండా లాగించెయ్యొచ్చు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని, మధుబాబు షాడోని చదివిన ఇళ్ళ పిల్లలకి ఇదేం కష్టం కాదు.

దాని తర్వాత మొదటి చలికాలానికి ఆండీ వైర్ రాసిన 'ద మార్షియన్'. మార్స్ మీద ఒక్కడే మిగిలిపోయినవాడు బంగాళదుంపలు పండించుకుని బతకడం. నాకు సైన్స్ ఫిక్షన్ పెద్దగా పడదు కానీ ఇది నవ్వుకుంటూ చదివా, ఎందుకంటే జనవరిలో అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే కూచుని ఆలుగడ్డ వేపుడు మూడు పూటలా తినే ఎమ్మెస్ పిల్లాడికీ వాడికీ తేడా తక్కువ. ఇంకో సంగతి, రాసినాయన సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్, ఒక్కో చాప్టర్ తన సైట్‌లో ఊరికే పెట్టుకుంటూ పోయాడు, చదివేవాళ్ళడిగితే 2011లో కిండిల్‌లో 99 సెంట్లకి పెట్టాడు, అక్కణ్ణించి సినిమా దాకా పోయింది.

బిల్ బ్రైసన్ 'ఐ యామ్ ఎ స్ట్రేంజర్ హియర్ మైసెల్ఫ్' (1999) ఒకటుంది, చిన్న చిన్న వ్యాసాలు. ఆయన అమెరికాలోనే పుట్టినవాడు, ఇరవై ఏళ్ళు ఇంగ్లండ్‌లో ఉండి వెనక్కొచ్చాడు, న్యూ హాంప్‌షైర్‌లో హానోవర్ అనే ఊళ్ళో దిగాడు. హార్డ్‌వేర్ షాపుకి పోయి గోడలో మేకు చిల్లులు పూడ్చే పదార్థాన్ని ఇక్కడేమంటారో తెలీక తిప్పలు పడతాడు. ఇక్కడ పుట్టినోడికే ఆ గతి పడితే మనకి పట్టడంలో వింతేముందిలే అని ధైర్యమొస్తుంది. ఆ పదార్థం పేరు స్పాకిల్, అపార్ట్‌మెంట్ ఖాళీ చేసేటప్పుడు మీక్కూడా కావాలి, డిపాజిట్ కోతపడకుండా.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నదానికి వస్తా. అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో ఇక్కడొస్తే, 1980లోనే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు సహవాసి చేత 'ఏడు తరాలు'గా తెలుగులోకి తెచ్చారు. మా మేనమామ దగ్గరుండేది, అట్ట ఊడిపోయిన కాపీ, టెన్త్ సెలవుల్లో చదివి, అందులో ఆఫ్రికా నించి బానిసగా పట్టుకొచ్చిన కుంటా కింటే కోసం ఏడ్చా. అమెరికా గురించి నాకు తెలిసిన మొదటి సంగతి అదే, డిస్నీల్యాండ్ కాదు. ఇక్కడికొచ్చిన మూడో ఏడు ఎవరో పీతలు తినడానికి అన్నాపోలిస్ పోదామంటే పోయాం. రేవు దగ్గర ఒక కాంస్య విగ్రహం, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒకాయన కూర్చునున్నాడు, చుట్టూ పిల్లలు వింటున్నారు. దగ్గరికి పోయి చూస్తే అలెక్స్ హేలీ. 1767లో కుంటా కింటేని దింపిన రేవు ఇదేనని పుస్తకంలో ఉందే, అదే రేవు. మాతో వచ్చినవాళ్ళందరూ ఐస్‌క్రీమ్ లైన్‌లో ఉన్నారు, నాకు కాళ్ళాడలేదు. నెల్లూరులో డాబా మీద చదివిన ఊరు మా ఇంటి నించి ముప్పావుగంట దూరంలో ఉంది, మూడేళ్ళుగా నాకు తెలీదు. హేలీ చెప్పిన వంశవృక్షం మీద తర్వాత పరిశోధకులు చాలా అనుమానాలు లేవదీశారు, వేరే నవల్లోంచి తీసుకున్నాడని కేసు పడితే 1978లో డబ్బు కట్టి రాజీపడ్డాడు కూడా, ఇవన్నీ తెలిసే చదవండి, కానీ చదవండి.

అది చదివాక ఇసబెల్ విల్కర్సన్ 'ద వార్మ్త్ ఆఫ్ అదర్ సన్స్' (2010). నన్ను ఒకే ఒక్క పుస్తకం చెప్పమంటే ఇదే చెప్తా. 1915 నించి 1970 దాకా దక్షిణ రాష్ట్రాల నల్లవాళ్ళు అరవై లక్షల మంది ఉత్తరానికి, పడమరకి వలసపోయారు, ఆ కథ. పన్నెండొందల మందికి పైగా మనుషుల్ని కలిసి మాట్లాడిందట ఆవిడ, అందులోంచి ముగ్గురి బతుకులు పట్టుకుని రాసింది. వాళ్ళలో రాబర్ట్ ఫాస్టర్ అనే డాక్టర్ 1953లో లూసియానా నించి లాస్ ఏంజెలస్‌కి కారులో ఒక్కడే పోతూ రాత్రి పడుకోవడానికి మోటెల్ మోటెల్‌కీ తిరుగుతాడు, ఎక్కడా గది ఇవ్వరు, నిద్ర కళ్ళతో ఎడారిలో బండి తోలుకుంటూ పోతాడు. ఆ పేజీలు చదివాక హైవే పక్కన మోటెల్ బోర్డు చూస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు. మనవాళ్ళు పార్టీల్లో నల్లవాళ్ళ గురించి తేలిగ్గా మాట్లాడతారు, ఆ ఏరియాలో ఇల్లు కొనొద్దు అంటారు, ఎందుకట్లా ఉందో ఆ ఏరియా అని అడగరు. మనల్ని రానిచ్చిన 1965 వలస చట్టం, 1964 పౌరహక్కుల చట్టం ఒకే గాలిలో వచ్చినవి. వాళ్ళు దెబ్బలు తిని తెరిపించిన తలుపులోంచి మనం హ్యాండ్ లగేజీ లాక్కుంటూ వచ్చాం. పుస్తకం ఆరొందల పేజీలు, ఒక చలికాలం పడుతుంది.

డబ్బు పుస్తకాలు అడుగుతారు అందరూ. ఒకే ఒకటి, 'ద మిలియనీర్ నెక్స్ట్ డోర్', 1996ది, నిజంగా డబ్బున్నవాళ్ళు మామూలు ఇళ్ళల్లో పాత కార్లలో తిరుగుతుంటారని లెక్కలతో చెప్పింది. మనోళ్ళు మొదటి జీతంతోనే టెస్లా చూస్తారు కాబట్టి పనికొస్తుంది. ఆ మిగతా ధనవంతులు కావడమెలా బాపతు వదిలెయ్యండి, వాటివల్ల ధనవంతులైంది రాసినోళ్ళే.

తెలుగు దగ్గరికి వద్దాం. అందరూ 'మహాప్రస్థానం' తెచ్చుకుంటారు, పెట్టెలోంచి తీసి అరలో పెడతారు, అది అరలోనే ఉంటుంది. శ్రీశ్రీ గొప్పే, కాదన్లేదు, కానీ ఆరో నెలలో మనిషికి పట్టే దిగులుకి కావాల్సింది మనింట్లో మాట. నెల్లూరోళ్ళైతే ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', ముస్లిం ఇంటి పిల్లాడి అల్లరి, వాళ్ళమ్మ, జేజి, ఒక్కో వాక్యం చదువుతుంటే మా వీధిలో పంపు దగ్గర నిలబడ్డట్టుంటది నాకు. చిత్తూరు వైపోళ్ళకి నామిని, 'పచ్చనాకు సాక్షిగా' తెచ్చుకోండి, గట్టిగా పైకి చదవండి, రూమ్మేటు హైదరాబాదోడైతే సగం అర్థం కాదు, అదో సరదా. గోదావరోళ్ళకి వంశీ 'మా పసలపూడి కథలు', బాపు బొమ్మలతో, కాకపోతే అందులో తిండి వర్ణన ఎక్కువ, ఫ్రోజెన్ పరోటా తింటూ చదవకండి. తెలంగాణవాళ్ళకి దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', నిజాం కాలం పల్లె, ఇది ఊరి దిగులు తీర్చే పుస్తకం కాదు, దొర గడి ఎట్లా ఉండేదో కళ్ళకి కట్టిస్తుంది. ఉత్తరాంధ్రవాళ్ళకి కాళీపట్నం రామారావు 'యజ్ఞం', మాస్టారు శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం వాళ్ళ సైట్‌లో పాత తెలుగు కథలు స్కాన్ చేసి ఊరికే పెట్టారు, దానికి 23 కేజీల బాధే లేదు.

ఏ ఊరోళ్ళైనా సరే డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' తెచ్చుకోవాల్సిందే. సన్నటి పుస్తకం, రెండు జతల సాక్సుల బరువుండదు. ఈనడానికి అడవిలోకి పోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన పోతాడు, రాత్రంతా అడవిలో ఆయన, పంది, నక్కలు. అంతే కథ. నేను ఒక శుక్రవారం రాత్రి మొదలుపెట్టి ముగించేదాకా లేవలేదు, ముగించాక తెల్లారేదాకా నిద్రపోలేదు.

ఇంకోటి చెప్తే నవ్వుతారు, ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. 1830 మేలో మద్రాసు నించి బయల్దేరి దాదాపు వందమంది పరివారంతో కడప, హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీ పోయి, 1831 సెప్టెంబరుకి ఇల్లు చేరాడు. 1838లో అచ్చయింది. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, దారి రాళ్ళా ఇసకా, అన్నీ రాసుకున్నాడు. లేఓవర్ దోహాలోనా దుబాయ్‌లోనా ఎక్కడ భోజనం బాగుంటుందని మీరు గ్రూపుల్లో అడిగేదే ఆయన రెండొందలేళ్ళ కింద రాసిపెట్టాడు. పాత భాష, మొదటి ఇరవై పేజీలు నత్తనడక, తర్వాత అలవాటైపోతుంది.

పిల్లలున్నవాళ్ళకి, మొదటి మంచు కురిసిన రోజు 'ద స్నోయీ డే' తెచ్చి చూపించండి, 1962ది, పీటర్ అనే నల్లపిల్లాడు మంచులో ఆడుకోవడం, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ చరిత్రలో అందరికంటే ఎక్కువమంది తీసుకెళ్ళిన పుస్తకం అదేనంట. తెలుగుకి ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్‌లో బొమ్మల కథలు ఉచితం. 'రైలుబడి' (రైలుపెట్టెల్లో నడిచిన ఓ జపాన్ బడి కథ, 'టొటొచాన్'కి తెలుగు) మాత్రం ఇండియా నించి తెప్పించుకోండి, అది పిల్లలకంటే మనకే, గ్రేడ్లు గ్రేడ్లు అని పిల్లల్ని తినేసే ముందు.

అతుల్ గవాండే 'బీయింగ్ మోర్టల్' (2014) ఇప్పుడే వద్దు, కొత్తగా వచ్చినవాళ్ళకి కాదు. పదేళ్ళయ్యాక. వాళ్ళ తాత మహారాష్ట్ర పల్లెలో దాదాపు నూటపదేళ్ళు ఇంట్లోవాళ్ళ మధ్య బతికాడు, చివరిదాకా గుర్రమెక్కి పొలం చూసొచ్చేవాడట. వాళ్ళ నాన్న ఒహాయోలో సర్జన్, ఆ నాన్న ముసలితనం, ఇక్కడి వృద్ధాశ్రమాలు, డాక్టర్లు ఏ మాట అడగాలో తెలీక మందులు పెంచుకుంటూ పోవడం. అది చదివి నేను నాన్నకి ఫోన్ చేసి, నీకేం కావాలి అని అడిగా. ఆయన, ఆ నాలుగు పుస్తకాలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి, ఎప్పుడు పట్టుకెళ్తావ్ అన్నాడు. వేరే సంగతి మాట్లాడలేదు.

డాలస్ వైపు పోయేవాళ్ళు టాంటెక్స్ అనే అక్కడి తెలుగు సంఘం వాళ్ళు నెలనెలా పెట్టే తెలుగు వెన్నెల సాహిత్య సభకి, డెట్రాయిట్ పోయేవాళ్ళు అక్కడి తెలుగు లిటరరీ క్లబ్‌కి ఒకసారి పోయి చూడండి, సగటు వయసు యాభై దాటుద్ది, పట్టించుకోకండి, భోజనం బాగుంటుంది, పుస్తకాలు అప్పు ఇస్తారు.

నా దగ్గరున్నవి ఏవైనా కావాలంటే అడ్రస్ పంపండి, పోస్టాఫీసులో మీడియా మెయిల్ అని పుస్తకాలకి చవక రేటుంది, అందులో వేస్తా, ఎన్నాళ్ళైనా ఉంచుకోండి. దర్గామిట్ట కథలు మాత్రం అడగొద్దు. పోయినసారి తీసుకున్నమ్మాయి డాలస్ మారిపోయింది, ఇప్పుడున్నది మూడో కాపీ.