సిరంజి నుంచి స్పెక్ట్రం దాకా: సీరం ఎన్ఎంఆర్ మొదలుపెట్టే అమ్మాయికి ఉత్తరం

చి. మాధవికి ఆశీస్సులు.

షుగరు వ్యాధి ఉన్నవాళ్ళ సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో) మెటబొలైట్లను, అంటే గ్లూకోజు, లాక్టేటు లాంటి చిన్న అణువులను, బలమైన మాగ్నెట్లో హైడ్రోజన్ పరమాణువుల సిగ్నల్ చదివే ప్రోటాన్ ఎన్ఎంఆర్‌తో కొలవబోతున్నావనీ, వచ్చే నెల నుంచి ఆస్పత్రి శాంపిళ్ళు మొదలవుతాయనీ రాశావు. 600 మెగాహెర్ట్జ్ యంత్రం మీద ఏ పల్స్ ప్రోగ్రాం (రేడియో పల్సులు కొట్టే వరస) పెట్టాలని అడిగావు. అదీ చెబుతాను. కానీ ముందు రక్తం తీసిన నిమిషం నుంచి ఫ్రీజర్ తలుపు మూసేదాకా ఏం జరుగుతుందో చెప్పాలి. నీ ఫలితం అక్కడే బాగుపడుతుంది, అక్కడే పాడవుతుంది. అక్కడ పాడైనదాన్ని ఎంత ఖరీదైన మాగ్నెట్టూ తిరిగి తేలేదు.

ఎర్ర రక్తకణాలకు మైటోకాండ్రియా ఉండవు. గ్లూకోజును లాక్టేటుగా మార్చుకునే బతుకుతాయి, ట్యూబులోకి వచ్చాక కూడా ఆ పని ఆపవు. గది ఉష్ణోగ్రతలో గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజు ఇలా తరిగిపోతుంది. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలోనో, బండి పెట్టెలోనో ట్యూబు ఉండిపోతే ఇంకా వేగంగా తరుగుతుంది. ఒక గ్లూకోజు అణువు నుంచి రెండు లాక్టేట్లు వస్తాయి కాబట్టి గ్లూకోజు 1 మిల్లీమోలార్ తగ్గితే లాక్టేటు 2 దాకా పెరగవచ్చు. విశ్రాంతిగా ఉన్న మనిషి రక్తంలో లాక్టేటు మామూలుగా 0.5 నుంచి 2 మిల్లీమోలార్ లోపే. అంటే మూడు గంటల ఆలస్యం చాలు, లేని తేడా పుట్టడానికి. రోగుల శాంపిళ్ళు ఓపీ రద్దీలో ఆలస్యమై, ఆరోగ్యవంతులవి నీ చేతుల మీదుగా వెంటనే సెంట్రిఫ్యూజ్‌కి వెళ్తే, "షుగరులో లాక్టేటు పెరిగింది" అని రాసే ప్రమాదం ఉంది. పెరిగింది జబ్బు వల్ల కాదు, వేచి ఉండటం వల్ల.

కాబట్టి ఇలా చెయ్యి. రక్తం తీశాక ట్యూబును నిలువుగా 30 నిమిషాలు గడ్డకట్టనివ్వు. గంట లోపు 1,500 నుంచి 2,000 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పు. జీ అంటే భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలమో ఆ లెక్క, ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) కాదు. రోటర్ వ్యాసార్థం మారితే అదే ఆర్పీఎం వేరే బలం ఇస్తుంది. పైనున్న సీరం తీసేటప్పుడు గడ్డకు అర సెంటీమీటరు పైనే పిపెట్ ఆపు, చివరి చుక్క కోసం ఆశపడకు. గులాబీరంగు తేలిన సీరం అంటే కణాలు పగిలాయన్నమాట, దాన్ని పక్కన పెట్టెయ్యి. మిగతాదాన్ని 350 మైక్రోలీటర్ల చొప్పున చిన్న వయల్స్‌లో పంచి మైనస్ 80లో పెట్టు. ఒకే పెద్ద వయల్లో పెడితే ప్రతిసారీ మొత్తం కరగాలి, కరిగి గడ్డకట్టిన ప్రతిసారీ లైపోప్రోటీన్లు (కొవ్వును మోసే ప్రోటీన్లు) కొంత చెదురుతాయి. రిజిస్టరులో మూడు వేళలు రాయించు: తీసిన వేళ, తిప్పిన వేళ, ఫ్రీజర్‌లో పెట్టిన వేళ. నర్సు అక్కయ్యకు ఇది ఎందుకో ఒకసారి కూర్చుని చెప్పు. కారణం తెలిసినవాళ్ళు రాసే వేళలకూ తెలియనివాళ్ళు రాసే వేళలకూ తేడా ఉంటుంది.

దీన్ని తరవాత పరీక్షించే దారి కూడా ఉంది. అదే రోగికి అదే సమయంలో బూడిదరంగు మూత ట్యూబులో తీసిన రక్తానికి ఆస్పత్రి ల్యాబ్ గ్లూకోజు విలువ ఇచ్చి ఉంటుంది. డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్న ఆ విలువను 18తో భాగిస్తే మిల్లీమోలార్ వస్తుంది. నీ ఎన్ఎంఆర్ గ్లూకోజును దాని పక్కన పెట్టు. నీది ఎంత తక్కువగా ఉందో, లాక్టేటు మామూలు కన్నా దానికి సుమారు రెట్టింపు ఎక్కువగా ఉంటే ఆ శాంపిల్ తిప్పకుండా ట్యూబులో చాలాసేపు కూర్చుందని అర్థం. బూడిదరంగు ట్యూబులో ఉండే ఫ్లోరైడ్ ఇనొలేజ్ అనే ఎంజైమును ఆపుతుంది. అయితే గ్లూకోజు లాక్టేటుగా మారే దారిలో దానికి ముందున్న మెట్లు మొదటి ఒకటి రెండు గంటలు నడుస్తూనే ఉంటాయి, కాబట్టి ఆ విలువ కూడా కొంచెం తక్కువే చూపవచ్చు. పోలికకు మాత్రం బాగా పనికొస్తుంది.

ట్యూబు మూత రంగు అధ్యయనం మొత్తానికీ ఒక్కటే ఉండాలి. ఊదామూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉంటుంది. అది క్యాల్షియంతో కలిసి 2.57 దగ్గర, మెగ్నీషియంతో కలిసి 2.71 దగ్గర, విడిగా 3.2, 3.6 పీపీఎంల (స్పెక్ట్రంలో సిగ్నల్ ఎక్కడ పడిందో చెప్పే కొలత) దగ్గర పెద్ద పెద్ద పీకులు (సిగ్నల్ శిఖరాలు) పెడుతుంది. గ్లూకోజు, కోలిన్ ఉండే చోటంతా కలగాపులగం. నీలంమూతలో సిట్రేట్ ఉంటుంది, రక్తంలోని అసలు సిట్రేట్‌ను ఇక కొలవలేవు. గడ్డకట్టనివ్వకుండా తీసే ప్లాస్మాయే కావాలంటే ఆకుపచ్చ మూత, హెపారిన్ మేలు. నీకు మాత్రం జెల్ లేని ఎర్రమూత సీరం ట్యూబే చెబుతాను. రోగులవి ఒక ఆస్పత్రి నుంచి, ఆరోగ్యవంతులవి మరో చోటి నుంచి వేరే రకం ట్యూబులో తెచ్చావంటే గణాంకాల్లో రెండు గుంపులూ అద్భుతంగా విడిపోతాయి. విడిపోయినవి ట్యూబులు, మనుషులు కాదు.

చేతికి రాసే స్పిరిట్ గురించి మరిచిపోకు. చర్మం ఆరకముందే సూది గుచ్చితే ఆల్కహాలు సీరంలోకి వస్తుంది. ఇథనాల్ ట్రిప్లెట్ (మూడు కొమ్మల పీకు) 1.18 దగ్గర, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ డబ్లెట్ (రెండు కొమ్మల పీకు) 1.17 దగ్గర. నువ్వు ఆత్రంగా వెతికే కీటోన్, బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్, 1.20 దగ్గరి డబ్లెట్. ఐసోప్రొపైల్ డబ్లెట్‌కీ దీనికీ కొమ్మల మధ్య దూరం కూడా దాదాపు ఒకటే, 6 హెర్ట్జ్ చిల్లర. ఒక్క పీకు చూసి పేరు పెడితే స్పిరిట్‌ను కీటోన్ అనుకుంటావు. జంటను వెతుకు: కీటోన్‌దైతే 2.3, 2.4ల దగ్గర, 4.15 దగ్గర తోడు పీకులుంటాయి. ఐసోప్రొపైల్‌దైతే 4.02 దగ్గరే. ఏ మెటబొలైట్‌కైనా ఇదే నియమం పెట్టుకో. మెటబొలైట్ల పీకుల స్థానాలు ఉండే హెచ్ఎండీబీ, బీఎంఆర్బీ డేటాబేసుల్లో ఒక సంఖ్య కలిసిందని సంతోషించకు. అనుమానం తీరకపోతే ఆ పదార్థాన్నే కొంచెం శాంపిల్‌లో కలిపి పీకు పెరిగిందో లేదో చూడు.

మందుల సంగతి నీ అధ్యయనానికి మరీ ముఖ్యం. మెట్‌ఫార్మిన్ రెండు మిథైల్ గుంపుల సింగ్లెట్ (ఒంటి పీకు) 3.04 దగ్గర పడుతుంది, క్రియాటినిన్ 3.05 దగ్గర. స్పెక్ట్రంలో ఆ ముక్క వైశాల్యాన్నంతా ఒకే బకెట్‌గా కొలిస్తే షుగరు రోగులందరికీ క్రియాటినిన్ పెరిగినట్టు కనిపిస్తుంది. క్రియాటినిన్‌కు 4.06 దగ్గర రెండో పీకు ఉంది, దానితో సరిచూడు. ఎవరు ఏ మాత్ర, ఎంత మోతాదులో, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో ఫారంలో గడి పెట్టు. పరగడుపు అంటే టీ కూడా తాగకూడదని విడిగా చెప్పాలి. మన దగ్గర చాలామంది టీని తిండి కింద లెక్కపెట్టరు. తరవాత మూత్రం కూడా తీసుకుంటే ముందు రోజు తిన్న చేపలు కూడా అడగాలి. సముద్రపు చేప తిన్నవాళ్ళ మూత్రంలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ 3.27 దగ్గర కొండలా నిలబడుతుంది.

ఇక బఫర్. 100 మిల్లీలీటర్లకు డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ హెప్టాహైడ్రేట్ 2.01 గ్రాములు తూచుకో, అది 75 మిల్లీమోలార్. నీళ్ళు 70 మిల్లీలీటర్లు పోసి కరిగించి, భారజలం 20 మిల్లీలీటర్లు, మామూలుగా 0 పీపీఎం గుర్తుగా వాడే టీఎస్‌పీ 80 మిల్లీగ్రాములు చేర్చు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 7.4కి తెచ్చాక మాత్రమే 4 శాతం సోడియం అజైడ్ 1 మిల్లీలీటరు వేసి, నీళ్ళతో 100కి నింపు. ఈ వరస తిప్పకు. అజైడ్ ఉన్న ద్రావణంలో ఆమ్లం పోస్తే హైడ్రజోయిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది, అది విషం. పని మొత్తం ఫ్యూమ్ హుడ్‌లోనే. అజైడ్ కలిసిన నీళ్ళు సింకులో పోయకు, సీసం, రాగి గొట్టాల్లో పేలుడు స్వభావం ఉన్న లవణాలు పేరుకుంటాయి. సరిపడా బఫర్ ఒకేసారి చేసి అధ్యయనం మొత్తానికీ అదే వాడు.

సీరం కరిగాక 300 మైక్రోలీటర్లు, బఫర్ 300 మైక్రోలీటర్లు. వోర్టెక్స్ మీద పెట్టి గిలకొట్టకు. ప్రోటీను నురగ కడుతుంది, బుడగలు ట్యూబులో ఉండిపోయి షిమ్మింగ్ (శాంపిల్ అంతటా అయస్కాంత క్షేత్రాన్ని సమం చెయ్యడం) కుదరదు. వయల్‌ను నాలుగైదుసార్లు తలకిందులు చేస్తే చాలు. ఫైబ్రిన్ పోగులు కనిపిస్తే 12,000 జీ దగ్గర 5 నిమిషాలు చల్లగా తిప్పి పైది తీసుకో. 5 మిల్లీమీటర్ల ట్యూబులో 600 మైక్రోలీటర్లు సుమారు 4 సెంటీమీటర్లకు పైగా ఎత్తు వస్తుంది. అన్ని ట్యూబులూ ఒకే ఎత్తు ఉండాలి, లేకపోతే ప్రతి దానికీ షిమ్ కొత్తగా వెతుక్కోవాలి. వాడిన ట్యూబులను క్రోమిక్ ఆమ్లంతో కడగకు. క్రోమియం గోడకు అంటుకుని, తన పారామాగ్నెటిక్ స్వభావంతో స్పెక్ట్రంలో గీతలను లావెక్కిస్తుంది. వేడి ఓవెన్‌లో నిలబెట్టి ఆరబెట్టకు, వంగిపోతాయి.

యంత్రం దగ్గరికి వద్దాం. సీరంకు 310 కెల్విన్ (సుమారు 37 డిగ్రీల సెల్సియస్). డిస్‌ప్లే మీద 310 అని రాగానే నమ్మకు, డ్యుటిరేటెడ్ మిథనాల్ ట్యూబుతో క్రమాంకనం చేసి అసలు ఉష్ణోగ్రత చూడు. శాంపిల్ లోపలికి దిగాక 5 నిమిషాలు ఆగు. ఆ ఆగడం వృథా కాదు. ఒక డిగ్రీ తేడా వస్తే నీటి పీకు దాదాపు 0.01 పీపీఎం, అంటే ఈ యంత్రం మీద 6 హెర్ట్జ్ జరుగుతుంది. నువ్వు నీటిని అణచే పల్స్ పాత చోటే కొడుతుంటే నీటి సిగ్నల్ మిగిలిపోయి బేస్‌లైన్ అంతా ఒంపు తిరుగుతుంది. తరవాత లాక్ (భారజలం సిగ్నల్ ఆధారంగా క్షేత్రాన్ని నిలకడగా ఉంచడం), ట్యూనింగ్ (యంత్రాన్ని సరైన ఫ్రీక్వెన్సీకి సరిచెయ్యడం), షిమ్మింగ్, 90 డిగ్రీల పల్స్ కొలత. పల్స్ ప్రతి శాంపిల్‌కీ కొలవాలి, ఉప్పు మారితే అది మారుతుంది. రిసీవర్ గెయిన్ (సిగ్నల్ను ఎంత పెద్దది చెయ్యాలనే అమరిక) మాత్రం అధ్యయనం పొడవునా ఒకటే. షిమ్ బాగుందో లేదో 5.23 దగ్గరి ఆల్ఫా గ్లూకోజు డబ్లెట్ చెబుతుంది. దాని కొమ్మల మధ్య 3.8 హెర్ట్జే. మధ్య లోయ లోతుగా దిగితే సరే, నిండిపోయి ఉంటే మళ్ళీ షిమ్ చెయ్యి.

పల్స్ ప్రోగ్రాములు రెండు పెట్టు. మొదటిది నీటిని అణచే నోయిసీ ఒన్-డీ, అన్నీ కనిపిస్తాయి: ప్రోటీన్ల గుట్టలు, 0.85, 1.27ల దగ్గర లైపోప్రోటీన్ల దిబ్బలు, వాటి మీద కూర్చున్న చిన్న అణువులు. రెండోది సీపీఎంజీ, పెద్ద అణువుల సిగ్నల్ను వడకట్టేది. 1954లో కార్, పర్సెల్ కనిపెట్టినదాన్ని 1958లో మీబూమ్, గిల్ సరిదిద్దారు. 180 డిగ్రీల పల్సుల లోపాలు ఒకదాని మీద ఒకటి పేరుకోకుండా చేశారు, అందుకే మనం వందకు పైగా పల్సులు వరసగా కొట్టగలుగుతున్నాం. పెద్ద అణువులు నీళ్ళలో నెమ్మదిగా దొర్లుతాయి, వాటి సిగ్నల్ త్వరగా ఆరిపోతుంది. చిన్నవి చురుగ్గా దొర్లుతాయి, వాటి సిగ్నల్ నిలుస్తుంది. పల్సుకు అటూ ఇటూ 300 మైక్రోసెకన్ల చొప్పున 128 చుట్లు తిప్పితే మొత్తం సుమారు 77 మిల్లీసెకన్లు. ఆ లోపు ప్రోటీను చాలావరకు ఆరి, వాలీన్, అలనీన్, లాక్టేటు తేటగా పైకి వస్తాయి. రెండింటికీ 4 సెకన్ల విరామం, 32 స్కాన్లు, 20 పీపీఎం వెడల్పు. అన్నీ కలిపి శాంపిల్‌కు 20 నిమిషాల లెక్క వేసుకో.

సీపీఎంజీలో వచ్చిన అంకెలను అచ్చమైన గాఢతలుగా రాయకు. ట్రిప్టోఫాన్, ఫినైలలనీన్ లాంటివి కొంత భాగం, సీరంలో ప్రధాన ప్రోటీను అయిన ఆల్బుమిన్‌ను పట్టుకుని ఉంటాయి. పట్టుకున్నంత సేపూ అవీ ప్రోటీనులాగే ఆరిపోతాయి. టీఎస్‌పీ కూడా ఆల్బుమిన్‌కు అతుక్కుని లావెక్కుతుంది, అందుకే సీరంలో దాన్ని కొలబద్దగా వాడొద్దు. స్పెక్ట్రం అమరికకు గ్లూకోజు డబ్లెట్ మధ్యబిందువును 5.23 పెట్టు. కచ్చితమైన గాఢత కావాలంటే ప్రోటీను తీసెయ్యాలి: ఒక వంతు సీరంకు రెండు వంతుల చల్లటి మిథనాల్, మైనస్ 20లో 20 నిమిషాలు, గట్టిగా తిప్పి, పైది ఆరబెట్టి బఫర్‌లో కలుపుకోవడం. ప్రోటీనును ఆపే 3 కిలోడాల్టన్ల ఫిల్టరు వాడేట్టయితే దాన్ని ముందు నీళ్ళతో నాలుగైదుసార్లు కడగాలి. పొరలో గ్లిసరాల్ ఉంటుంది, కడగకపోతే 3.55 నుంచి 3.8 దాకా అదే నిండుతుంది.

లెక్కల్లో నిన్ను ఎక్కువగా దెబ్బతీసేది గ్లూకోజే. 3.2 నుంచి 3.9 దాకా ఉన్నదంతా దాదాపు దానిదే. మొత్తం వైశాల్యంతో భాగిస్తే, గ్లూకోజు ఎక్కువున్న మనిషిలో మిగతావన్నీ తగ్గినట్టు కనిపిస్తాయి. అమైనో ఆమ్లాలు తగ్గాయని రాస్తావు, అవి కదల్లేదు. గ్లూకోజు ముక్కలు, నీటి ముక్క 4.5 నుంచి 5.0 తీసేసి, పీక్యూఎన్ పద్ధతిలో (ఒక ప్రామాణిక స్పెక్ట్రంతో పోల్చి శాంపిల్ పలచదనాన్ని సవరించే లెక్కతో) సరిచెయ్యి. ముందు పీసీఏ (గుంపుల పేర్లు చెప్పకుండా శాంపిళ్ళ తేడాలను చుక్కల బొమ్మగా చూపే లెక్క) గీసి రంగులు మూడు రకాలుగా వెయ్యి: జబ్బు బట్టి, రక్తం తీసిన తేదీ బట్టి, తీసినప్పటి నుంచి తిప్పేదాకా పట్టిన నిమిషాల బట్టి. మొదటి రంగు కన్నా మూడోది బాగా విడిపోతే గుంపుల పేర్లు ముందే ఇచ్చి విడదీసే పీఎల్ఎస్-డీఏ జోలికి ఇంకా వెళ్ళకు. ఆ పద్ధతి యాదృచ్ఛిక సంఖ్యల్లో కూడా గుంపులు చూపగలదు, పర్ముటేషన్ పరీక్ష (గుంపుల పేర్లు కలగలిపి మళ్ళీ చూడటం) లేకుండా దాని బొమ్మ ఎవరికీ చూపించకు.

రోగులవీ ఆరోగ్యవంతులవీ కలగలిపి చీటీలు తీసినట్టు వరస వెయ్యి. అందరి సీరంలోంచి కొంచెం కొంచెం తీసి కలిపిన పూల్‌ను ప్రతి పది శాంపిళ్ళకోసారి పెట్టు. పీసీఏలో ఆ చుక్కలు ఒకే చోట గుమిగూడాలి. అవి జరుగుతూ పోతుంటే యంత్రమో, ట్రేలో ఎదురుచూస్తున్న శాంపిళ్ళో మారుతున్నాయన్నమాట.

మాగ్నెట్ గదిలోకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు 5 గాస్ గీత దాటకూడదు. స్టీలు కత్తెర, సిలిండరు దగ్గరికి తేకూడదు. క్వెంచ్ అయితే, అంటే మాగ్నెట్ అతివాహకత పోయి వేడెక్కితే, దాన్ని చల్లబరిచే ద్రవ హీలియం ఆవిరై వందల రెట్లు వ్యాకోచించి గదిలో ఆక్సిజన్‌ను తోసేస్తుంది. శబ్దం వినగానే ఏదీ సర్దకుండా తలుపు తీసుకుని బయటికి వచ్చెయ్యి.

ఆస్పత్రి శాంపిళ్ళు ముట్టుకోకముందు ఒక వారం పూల్ సీరంతోనే గడుపు. అదే సీరంను పది ట్యూబుల్లో విడివిడిగా తయారుచేసి పదీ తియ్యి. లాక్టేటు, అలనీన్, గ్లూకోజు పీకుల వైశాల్యాల్లో వ్యత్యాసం 5 శాతం దాటితే తప్పు పిపెట్‌లోనో షిమ్‌లోనో ఉంది, ముందు అది పట్టుకో. స్పెక్ట్రంలో 3.0 నుంచి 3.3 పీపీఎం ముక్కనూ, 1.1 నుంచి 1.4 ముక్కనూ పెద్దవి చేసి నాకు పంపు, రిజిస్టరులో రాసిన మూడు వేళలతో సహా.

ఇట్లు,
నీ మేలు కోరే మాస్టారు