ఎమ్మారైలో అన్నీ ఉన్నా డిసెబిలిటీ ఎందుకు రాలేదు?

ఈ నెల అమెరికాలో ఉంటున్న పాఠకుల నుంచి సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ మీదే (జబ్బు వల్ల పని చేయలేని వాళ్లకి అక్కడి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. మూడింటికి జవాబులు.

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. ఇన్నేళ్లూ వేర్‌హౌస్‌లో బరువులెత్తే పనే. నడుంలో డిస్కులు పోయి రెండు ఆపరేషన్లయ్యాయి, కాళ్లలోకి తిమ్మిర్లు, దానికితోడు షుగర్. పని మానేసి ఏడాది దాటింది. డాక్టర్‌గారు "ఈయన ఏ పనీ చేయలేరు" అని లెటర్ కూడా ఇచ్చారు, అయినా అప్లికేషన్ కొట్టేశారు, లైట్ వర్క్ చేయగలరట! పక్కింటాయనకి మిలిటరీలో చేశాడని 70 శాతం ఇచ్చారు, మాకు కనీసం 40 అయినా రాదా?
- ఓ పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ముందు ఆ శాతాల సంగతి పక్కన పెట్టేయండమ్మా. అది మాజీ సైనికుల సంగతి చూసే వెటరన్స్ డిపార్ట్‌మెంట్ లెక్క. సోషల్ సెక్యూరిటీలో అసలు శాతాలే లేవు, వస్తే పూర్తిగా వస్తుంది లేకపోతే సున్నా.

ఇక డాక్టర్ లెటర్. పని చేయగలరా లేదా అని తేల్చే అధికారం తమదేనని సోషల్ సెక్యూరిటీ వాళ్ల రూలు, అందుకే 2017 మార్చి 27 నుంచి పెట్టిన అప్లికేషన్లలో "ఏ పనీ చేయలేరు" అన్న ఒక్క వాక్యానికి విలువే ఇవ్వరు. మీ ఫైలు రాష్ట్రంలో ఉండే డిసెబిలిటీ డిటర్మినేషన్ ఆఫీసుకి వెళ్తుంది, అక్కడ ఎగ్జామినరూ డాక్టరూ కలిసి కాయితాలు చూస్తారు, మామూలుగా మనిషిని చూడరు.

వాళ్లు చూసేది అయిదు మెట్లుగా ఉంటుంది. నెలకి 1,620 డాలర్ల కన్నా (ఇది 2025 లెక్క) ఎక్కువ సంపాదిస్తున్నారా అన్నది మొదటిది, జబ్బు గట్టిదేనా, కనీసం 12 నెలలు ఉంటుందా అన్నది రెండోది, ఈ రెండు మెట్లూ మీవారు దాటేసినట్టే. మూడోది బ్లూ బుక్ అని అందరూ పిలిచే లిస్టు, ఏ జబ్బు ఎంత ముదిరితే డిసెబిలిటీ ఇస్తారో అందులో ఉంటుంది. వెన్నులో నరం నొక్కుకుపోతే అందులో 1.15 నంబరు చూస్తారు, ఎమ్మారైలో కనపడితే సరిపోదు, తిమ్మిరి ఆ నరం దారిలోనే ఉండాలి, డాక్టర్ పరీక్షలో కండరం బలహీనత లాంటివి బయటపడాలి, ఆపైన రెండు చేతులతో పట్టుకునే వాకరో ఏదో లేకుండా కదల్లేని పరిస్థితి ఉండాలి (చేతులు పనిచేయని వాళ్లకి వేరే లెక్కలున్నాయి). చాలామందికి ఇది కుదరదు, కుదరకపోయినా కేసు పోయినట్టు కాదు.

మీది తేలాల్సింది నాలుగు, అయిదు మెట్ల దగ్గర, అంటే పాత పని చేయగలరా, లేకపోతే ఇంకే పనైనా చేయగలరా అన్న చోట. లైట్ వర్క్ అంటే మనం కుర్చీలో కూర్చునే పని అనుకుంటాం కదా, వాళ్ల భాషలో అది 8 గంటల డ్యూటీలో దాదాపు 6 గంటలు నిలబడి నడుస్తూ అప్పుడప్పుడు 20 పౌండ్లు ఎత్తే పని! కూర్చునేదాన్ని సెడెంటరీ అంటారు, నిలబడేది ఓ 2 గంటలు, బరువు 10 పౌండ్లు దాటదు. 50 నుంచి 54 ఏళ్ల మనిషి పాత పనికి పోలేడు, సెడెంటరీ మాత్రమే చేయగలడు, పాత పనిలో నేర్చుకున్నది కూర్చునే ఉద్యోగానికి అక్కరకి రాదు అని తేలితే వయసు, పాత పని లాంటివి చూసే వాళ్ల టేబుల్ (పట్టిక) ప్రకారమే మామూలుగా డిసెబిలిటీ ఇవ్వాలి. అదే మనిషి లైట్ చేయగలడని రాస్తే మామూలుగా రాదు. మీ కేసంతా ఈ రెండు మాటల మధ్య ఆగింది.

కాబట్టి డాక్టర్‌గారిని ఇంకో లెటర్ అడగండి, ఒక్కసారిగా ఎన్ని నిమిషాలు నిలబడగలరు, ఎన్ని పౌండ్లు ఎత్తగలరు, మధ్యలో ఎన్నిసార్లు పడుకోవాల్సొస్తుంది, నెలలో ఎన్ని రోజులు పనికి రాలేరు, ఏ పరీక్షలో ఏం కనపడి ఇలా చెప్తున్నారో కూడా రాయాలి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారితే అదీ రాయించండి, జబ్బులన్నీ కలిపి చూడాలన్నది రూలే.

ఇంకోటి, మనవాళ్లకో అలవాటుంది, డాక్టర్ "హౌ ఆర్ యు" అనగానే "బానే ఉన్నానండీ" అనేస్తాం, అది నోట్సులో "పేషెంట్ బాగున్నాడు" అని ఎక్కుతుంది, ఏడాది తర్వాత ఎగ్జామినర్ కంటికి అదే ఆనుతుంది. రోజువారీ పనుల ఫారంలో కూడా అంతే, "షాపింగ్ చేస్తాను" అని వదిలేస్తారు. కార్ట్ మీద వాలి పది నిమిషాలు తిరిగి కార్లో వెనక్కి వాలిపోతే ఆ సంగతే రాయాలి కదా! ఎక్కువ చేసి రాయమనట్లేదు, ఉన్నది పూర్తిగా రాయమంటున్నా.

కొట్టేసినట్టు నోటీసు అందిన 60 రోజుల్లో రీకన్సిడరేషన్ (కేసు మళ్లీ చూడమని) అడగండి, నోటీసు మీది తేదీకి 5 రోజుల తర్వాత అందినట్టు లెక్కేస్తారు. గడువు వదిలేసి మళ్లీ కొత్తగా అప్లై చేద్దాంలే అనుకుంటే పాత తేదీ నుంచి రావాల్సిన డబ్బు పోవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి 29, బైపోలార్ అనే మానసిక జబ్బు. కాలేజీ రోజుల్లోనే మొదలైంది, ఏ ఉద్యోగంలోనూ నిలవలేకపోతోంది. స్కానుల్లో కనపడని జబ్బుని ఎలా కొలుస్తారండీ?
- ఓ తండ్రి, టెక్సాస్

జవాబు: నాలుగు విషయాలు చూస్తారు సార్. విన్నది అర్థం చేసుకుని గుర్తుపెట్టుకోవడం, మనుషులతో మెలగడం, ధ్యాస పెట్టి ఆపకుండా పని చేయడం, మార్పులు తట్టుకుని తన సంగతి తాను చూసుకోవడం. ఒకదాంట్లో పూర్తిగా చేతకాకపోయినా, రెండిట్లో బాగా దెబ్బతిన్నా పైన చెప్పిన బ్లూ బుక్ లిస్టుకి సరిపోతుంది. సైకియాట్రిస్టు, థెరపిస్టు నోట్సే ఇక్కడ స్కాను రిపోర్టులన్నమాట. ఏ ఉద్యోగంలో ఎన్నాళ్లుంది, ఎందుకు మానేసింది, మీరు కూడా రాసివ్వొచ్చు.

కాలేజీ రోజుల్లో అన్నారు కదా, ఆ మాట నాకు ముఖ్యంగా తోచింది. పని చేయలేని స్థితి 22 ఏళ్లు నిండకముందే మొదలైందని పాత రికార్డులతో చూపించగలిగి, అమ్మాయికి పెళ్లి కాకపోతే, మీరు సోషల్ సెక్యూరిటీ రిటైర్‌మెంట్ డబ్బు తీసుకుంటున్నప్పుడు మీ ఉద్యోగ రికార్డు మీద ఆమెకి డబ్బు రావొచ్చు. చాలామంది ఇది అడగరు, సోషల్ సెక్యూరిటీ వాళ్లంతట వాళ్లు చెప్పేవరకూ ఆగకండి. ఆ కాలం హాస్పిటల్ కాయితాలు ఇప్పుడే తెప్పించుకోండి, ఆలస్యమైతే పాతవి తీసేస్తుంటారు.

ప్రశ్న: డిసెబిలిటీ ఆఫీసు వాళ్లే ఓ డాక్టర్ దగ్గరికి పరీక్షకి పంపితే ఆయన పది నిమిషాల్లో చూసి పంపేశాడు. అంతేనా?
- ఓ పాఠకుడు

జవాబు: అంతే. ఆ పరీక్ష ఖర్చు వాళ్లదే, మీ ఫైల్లో తక్కువైన సమాచారం కోసమే పంపుతారు, ఇవ్వాలా వద్దా అని ఆ డాక్టర్ తేల్చడు. అలాగని ఎగ్గొట్టకండి, కారణం లేకుండా వెళ్లకపోతే దాన్నే సాకుగా కొట్టేయొచ్చు. ఇంటికొచ్చాక ఏమడిగాడు, ఏం పరీక్ష చేశాడు, ఏది చేయలేదు అన్నీ అదే రోజు రాసి పెట్టుకోండి, అప్పీల్లో పనికొస్తుంది.