ఉమ్మడి పేపర్ల విషయమై మా తమ్ముడి కూతురికి

చిరంజీవి అమ్మాయికి పెదనాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కమ్యూనికేషన్స్ చదివే మీకూ, మార్కెటింగ్ వారికీ కలిపి పెట్టిన వినియోగదారుల ప్రవర్తన, ప్రకటనల రచన, సర్వే పద్ధతులు అనే మూడు పేపర్లను పరీక్ష గట్టెక్కే మేరకు చదివితే చాలునా అని అడిగావు. చాలదు. ముప్పై ఏళ్లు ప్రకటనలు రాసి బతికిన నాకు నిత్యం అక్కరకు వచ్చినవి ఆ మూడే.

వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒంగోలులో ఒక నూనె వ్యాపారి కోసం నేనే ప్రశ్నలు రాసుకుని నూరిళ్లు తిరిగాను. ‘మా నూనె మీకు నచ్చిందా?’ అన్నది మొదటి ప్రశ్న. గడపలో నిలబడి అడిగే మనిషితో నచ్చలేదని ఎవరంటారు? అందరూ నచ్చిందనే అన్నారు. నేను నాణ్యతను పొగుడుతూ గోడలమీద రాయించాను, అమ్మకం మాత్రం కదలలేదు. చివరికి కూలికి పోయే ఒకామె, ‘నూనె మంచిదే నాయనా, లీటరు డబ్బా ఒక్కసారే కొనేదానికి మాకేడుంటాయి డబ్బులు’ అన్నప్పుడు గాని, లోపం నా రాతలో కాదు, చిన్న ప్యాకెట్టు లేకపోవడంలో ఉందని నాకు తెలియలేదు.

1960లో జెరోమ్ మెకార్తీ అనే అమెరికా మార్కెటింగ్ ఆచార్యుడు, అమ్మకానికి ఆలోచించవలసినవి వస్తువు, ధర, స్థలం, ప్రచారం అని నాలుగింటిని చెప్పాడు. మాటలతో పనిచేసే మనకు నాలుగోదే కనబడుతుంది. మార్కెటింగ్ విద్యార్థి మొదటి మూడింటిని ముందు అడుగుతాడు. ఎవరు, ఏమి, ఏ మార్గంలో, ఎవరికి, ఏ ఫలితంతో చెబుతున్నారని 1948లో లాస్‌వెల్ అనే అమెరికా పండితుడు సమాచార ప్రసారం గురించి వేసిన ప్రశ్న అతనికంటే నీకు త్వరగా తోస్తుంది. అందుకే జంటగా ప్రాజెక్టు చేయమన్నప్పుడు నీ స్నేహితురాలిని కాక, మార్కెటింగ్ వారినే ఎంచుకో.

‘ఎవరికి’ అన్నది ఎంత బరువైన మాటో మన నెల్లూరు జిల్లాలోని దూబగుంట అనే ఊరే చెబుతుంది. అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు వాచకంలో తాగుడు మీద ఉన్న పాఠంలో తమ ఇంటి సంగతినే చూసుకుని, అందరూ కలిసి మాట్లాడుకుని, ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ ఉద్యమమే పాకి 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. సర్వే పేపరులో బృంద చర్చ, అంటే కొందరిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించి వినడం, అనే అధ్యాయం వచ్చినప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టుకుని చదువు.

ప్రాజెక్టుకు భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క గరిటెలను తీసుకోమని నా మాట. ముందే పోస్టరు గీయకు. చేసేవారిని, కొన్నవారిని, అంతకంటే ముఖ్యంగా చేతిలోకి తీసుకుని చూసి కొనకుండా వెళ్లినవారిని కలువు. ‘నచ్చిందా’ అని కాక, ‘పోయినసారి గరిటె ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారు’ అని అడుగు. వారి మాటను వారి యాసలోనే రాసుకో. ప్రకటనకు శీర్షిక తరచుగా అందులోనే దొరుకుతుంది. లెక్కలంటే భయం వద్దు, ఈ పనికి సగటూ శాతమూ వస్తే సరిపోతుంది.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ప్రశ్నల కాగితం తెచ్చుకో. ముందు మన వీధిలో అయిదుగురిని అడిగి, అర్థం కాని ప్రశ్నలు సరిచేసి, ఆ తరువాత ఉదయగిరి బస్సెక్కుదాం.

నీ పెదనాయన,
నెల్లూరు