కిట్టూ, ఆ గుంజలు ఇంకా అంటించకు

ఒరేయ్ కిట్టూ,

నువ్వు పంపిన ఫోటోలు నిన్న రాత్రి ఫోన్లో పెద్దవి చేసి చేసి చూశాను. నీ విక్టరీ మోడల్, అదే ఆ పాత ఇంగ్లీషు యుద్ధనౌక నమూనా, బాగా వస్తోంది, పలకల అతుకులు ఎక్కడా పైకి లేవలేదు, మొదటి ఓడకి అంతకంటే ఏం కావాలి. ఇక వెనక గ్యాలరీ (బాల్కనీ లాంటిది) రెయిలింగు, ముక్కు దగ్గరి రెయిళ్ళు మిగిలాయి, మోడల్ కిట్టు పెట్టెలో వచ్చిన లోహపు గుంజలు ఆదివారం కూర్చుని అంటించేస్తాను మావయ్యా అని రాశావు. వద్దు. ఒక వారం ఆగు. ఆ గుంజలకి పక్కనే అచ్చు గీత కనిపిస్తోంది, రెండు మూడు వంకరగా కూడా ఉన్నాయి. వాటిని పారెయ్యక్కర్లేదు, కొలతలకి పనికొస్తాయి.

అసలు నువ్వు చేస్తున్నది ఏ ఏటి విక్టరీ? ఆ ఓడ 1765లో నీళ్ళలోకి దిగినప్పుడు వెనక నిజంగా బాల్కనీలుండేవి, ఆఫీసర్లు బయటికొచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడేవారు. 1800 నుంచి 1803 దాకా జరిగిన పెద్ద రిపేరులో వాటిని తీసేసి, వెనకంతా కిటికీలతో మూసేశారు. ముక్కున ఉన్న పెద్ద బొమ్మల గుంపు పోయి ఇద్దరు దేవకుమారులు రాజముద్ర పట్టుకున్న చిన్న బొమ్మ వచ్చింది కూడా అప్పుడే. 1805లో ట్రఫాల్గర్ యుద్ధానికి అడ్మిరల్ నెల్సన్ ఎక్కి వెళ్ళింది ఈ మూసేసిన ఓడే, నీ కిట్టు కూడా అదే. నెట్లో పాత బొమ్మలు చూసి బాల్కనీ పెట్టావో, ముందు ఒక ఏడు, వెనక ఇంకో ఏడు అవుతుంది. అసలు ఓడ ఇప్పటికీ పోర్ట్స్‌మౌత్‌లోనే ఉంది, నువ్వుండే సౌతాంప్టన్ నుంచి అదెంత దూరం, ఒకసారి వెళ్ళి చూడు. 2022లో మొదలైన రిపేరు వల్ల పరంజాలు అడ్డమొస్తాయేమో, అయినా వెళ్ళు.

అంటే నీ ఓడ వెనక కిటికీల కింద వరసగా కనిపించే గుంజలు చేత్తో పట్టుకునేవి కావు, అలంకారమే. మన పాత ఇళ్ళ వసారాలో నడుం దగ్గర ఉబ్బి మెడ దగ్గర సన్నబడే గుంజలుంటాయి చూడు, అలాంటివే. మోడల్లో గోడకి ఆని ఉంటాయి కాబట్టి సగం గుంజ చాలు. పూప్ డెక్కు, అంటే ఓడ వెనక అన్నిటికంటే పైనుండే డెక్కు, ముందంచున ఉండే రెయిలింగు మాత్రం నిజంది, దానికి నిండు గుంజలు కావాలి.

సగం గుంజ చెయ్యడానికి ఒక చిట్కా ఉంది, నేను ఫౌండ్రీలో పోత అచ్చులకి ప్యాటర్నులు చేసే రోజుల్లో నేర్చుకున్నది. 2 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న బద్దలు రెండు తీసుకుని మధ్యలో న్యూస్‌పేపర్ ముక్క పెట్టి ఫెవికాల్‌తో అతికించి రాత్రంతా ఆరనియ్యి. ఆ పుల్లని చిన్న డ్రిల్లు చక్‌లో బిగించు, అతుకు సరిగ్గా నడిమధ్యన ఉండాలి. రెండో కొస ఒక చెక్కముక్కకి చేసిన బెజ్జంలో తిరగాలి, లేకపోతే కొరడాలా ఊగి విరిగిపోతుంది. తక్కువ స్పీడు మీద నీడిల్ ఫైలుతో మెడ దగ్గర, కాలు దగ్గర గాడి పెట్టి, మధ్యలో పొట్ట వదిలేసి, చివర్లో ఉప్పుకాగితం మడత ఆనించు. కళ్ళజోడు పెట్టుకోవడం మర్చిపోకు. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో వేసి ఉంచు, కాగితం నానాక బ్లేడు అంచు తగిలిస్తే పప్పుబద్దల్లా విడిపోతాయి. ఒక పుల్లకి రెండు సగాలు, రెండూ కవలలు.

కిట్టులో వచ్చిన వాల్‌నట్ దీనికి వద్దు, దాని పీచు ముతక, మెడ దగ్గరికి రాగానే పెచ్చు లేస్తుంది. నీకక్కడ బాక్స్‌వుడ్, పేర్ కర్రలు దొరుకుతాయి. నేనైతే ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర వాడతాను, మెత్తగా కోసుకుంటుంది, పీచు లేవదు. లక్కబొమ్మలు చేసేవాళ్ళు వందల ఏళ్ళుగా ఊరికే దాన్ని పట్టుకుని లేరు.

ఇప్పుడు అసలు మాట. గుంజ ఎంత అందంగా ఉందో ఎవరూ చూడరు కిట్టూ, గుంజకీ గుంజకీ మధ్య ఖాళీ చూస్తారు. నా మొదటి ఓడకి ఎడమ చివర నుంచి మొదలుపెట్టి కంటి అంచనాతో పాతిక గుంజలు అంటించుకుంటూ పోయాను. ఒక్కోదానికి 0.1 మి.మీ. తేడా వచ్చినా పాతికకి 2.5 మి.మీ., నాకు అదే జరిగింది. కుడి చివర ఖాళీ సగమైపోయింది. మీ అత్తయ్య కాఫీ ఇస్తూ ఒక్క క్షణం చూసి "ఈ చివర పళ్ళు ఇరుకైపోయాయేమండీ" అంది. నెల రోజుల పని. తీసేద్దామంటే కింద రంగు లేచొచ్చింది.

అందుకని కొలతలు ఓడ మీద పెట్టకు. సన్నటి కాగితం పట్టీ తీసుకుని వెనక భాగం వంపు వెంబడి ఆనించి రెండు కొసలూ గుర్తుపెట్టు, ఆ పట్టీని బల్ల మీద పరిచి ముందు నడిమధ్య గుర్తు పెట్టు, అక్కడి నుంచి రెండు వైపులకీ డివైడర్‌తో నడువు. చివర మిగిలే తేడా రెండు వైపులా సమానంగా పంచుకుంటుంది, ఎవరికీ కనపడదు. ఇంకోటి, వెనక నుంచి చూస్తే మధ్య గుంజ నిటారుగా ఉంటుంది కానీ పక్కలకి పోయేకొద్దీ గుంజల తలలు లోపలికి వాలతాయి, కిటికీ చట్రాలు కూడా అలాగే వాలి ఉంటాయి. అన్నీ నిటారుగా నిలబెడితే ఓడ వెనక భాగం అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. పాతిక కావాలంటే నలభై చెయ్యి. అట్టముక్కలో గుంజ ఆకారం సగం కోసి గేజ్ చేసుకో, అందులో కూర్చోనివి పక్కన పెట్టు, జాలిపడకు.

పైన పోయే రెయిలుకి గీతలు పడాలి. పాత హాక్సా బ్లేడు ముక్క అంచున కటింగ్ డిస్కుతో రెండు చిన్న గాళ్ళు, మధ్యలో ఒక గుండ్రం కోసుకో, అదే గీకుడు పనిముట్టు. బద్దని బల్లకి బిగించి ఒకే దిక్కుకి, అసలు బరువే లేనట్టు లాగు. ముప్ఫై నలభై సార్లు లాగాలి, మూడోసారికే గీత పడాలనుకుంటే పీచు చిరుగుతుంది. పొడుగు బద్ద మీదే గీకి, తర్వాత కావలసినంత కోసుకో, అప్పుడు అన్ని ముక్కలకీ గీతలు ఒకేలా ఉంటాయి. నీది 1:72 కదా, అంటే అసలు ఓడ మీద అంగుళం నీ దగ్గర 0.35 మి.మీ. నాలుగంగుళాల రెయిలు 1.4 మి.మీ. అంతలో రెండు గీతలకి మించి పట్టవు, మూడోది పెట్టాలన్న ఉబలాటం మానుకో.

ముక్కు దగ్గరి రెయిళ్ళు వంచకు. అవి పక్క నుంచి చూసినా వంపే, పై నుంచి చూసినా వంపే, వేడినీళ్ళలో నానబెట్టి వంచితే ఒకటి ఒప్పుకుంటుంది, రెండోది మెలికపడుతుంది. అట్టతో నమూనా చేసుకుని పలక నుంచి కోసెయ్యి, ఎడమది కుడిది రెండూ డబుల్ టేప్‌తో జోడించి ఒకేసారి ఆకురాయి పట్టు. ముందుకి పోయేకొద్దీ సన్నబడాలి. నాకు ఇవి కుదిరింది నాలుగో ఓడకి, కాబట్టి మొదటి జత పోతే టెన్షన్ పడకు.

రంగు ముందే, బల్ల మీదే. పల్చగా రెండు మూడు పూతలు, ఒక్క మందం పూత వేస్తే నువ్వు గీకిన గీతలన్నీ పూడిపోతాయి. కిట్టు పుస్తకంలో ముదురు పసుపు అని ఉంటుంది, అది పాత లెక్క, పాత పూతల్ని పొరలుగా పరిశీలించి 2015లో అసలు ఓడకి వేసింది లేత రంగు, కొంచెం గులాబీ ఛాయ ఉంటుంది. గుంజలకి బంగారు రంగు డబ్బా తెరవకు.

సూపర్ గ్లూ వద్దే వద్దు, తెల్లటి మరక పడుతుంది, దాని మీద వార్నిష్ కూడా పట్టదు. ఫెవికాల్ చుక్క అగ్గిపుల్ల కొసతో పెట్టు. నిండు గుంజలకి మాత్రం కింద 0.5 మి.మీ. బెజ్జం వేసి ఇత్తడి తీగ ముక్క గుచ్చి డెక్కులోకి దింపు, ఎందుకంటే తాళ్ళు కట్టేటప్పుడు నీ చొక్కా చెయ్యి దానికి తగలకుండా ఉండదు. నాకు రెండుసార్లు తగిలింది. ఆ పనికి కూర్చునేటప్పుడు పొట్టి చేతుల చొక్కా వేసుకో, అక్కడ చలైతే హీటర్ పెట్టుకో.

ఈ ఆదివారం ఒక్క పుల్ల తిప్పి, రెండుగా చీల్చి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపు. మెడ లావుగా ఉంటే చెప్తాను.

మీ మావయ్య